ఇంట్లో తయారయ్యే పెద్ద రోబో: బరువు లెక్క, బ్రేకు లెక్క

ఉద్యోగవేళలు ముగిసిన తరువాత, సొంత ఖర్చుతో, ఇంటి వరండాలోనో పెరటి రేకుల షెడ్డులోనో మనిషి ఎత్తుకు తగ్గని రోబోను నిర్మించుకోవడం ప్రపంచమంతటా కనిపించే అభిరుచి. కర్మాగారంలో వెల్డింగు చేసే రోబో చేయికీ, దుకాణంలో దొరికే బొమ్మ రోబోకూ మధ్య దీని స్థానం. దీనికి లాభాపేక్ష ఉండదు, గడువు ఉండదు, చాలాసార్లు పూర్తయిన నమూనా పటం కూడా ఉండదు. అయితే బొమ్మ రోబోను చేసిన అనుభవంతో పెద్ద రోబోకు పూనుకున్నవారు మొదటి నెలలోనే ఒక సత్యాన్ని ఎదుర్కొంటారు. పెద్ద రోబో అంటే చిన్న రోబోను సాగదీసినది కాదు. దాని కష్టమంతా మెదడులో కన్నా బరువులోనూ, ఆ బరువును ఆపడంలోనూ ఉంటుంది.

ఈ రెండింటి గురించి బాగా తెలిసిన ఊళ్ళలో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఒకటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్‌గా తీర్చిదిద్దింది. 2003లో పని ప్రారంభించిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లు దాని కింద ఉన్నాయి. పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల వారు ఉద్యోగాల కోసం ఈ మార్గం వెంట తరలివెళ్ళారు. తిరుపతికి వెళ్ళే ఎక్స్‌ప్రెస్ నేటికీ ఈ ఊరిని విశాఖపట్నంతో కలుపుతోంది. ఇక్కడి రైల్వే కుటుంబాలలో ఫిట్టర్, టర్నర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ పనులు తండ్రి నుంచి కొడుకు విని నేర్చుకున్న విద్యలు. పెద్ద రోబోకు ప్రోగ్రామింగు కన్నా ముందు కావలసినవి ఈ విద్యలే.

కదిలే విగ్రహం, రోబో: తేడా ఎక్కడ?

ఛత్తీస్‌గఢ్ ప్రజలకు కదిలే పెద్ద బొమ్మలు కొత్త కాదు. వినాయక నిమజ్జనం సందర్భంగా రాజనాందగావ్, రాయ్‌పూర్ నగరాలలో ఊరేగే ఝాంకీలలో దేవతామూర్తులు చేయెత్తి దీవిస్తారు, రాక్షసులు తల ఊపుతారు. విగ్రహం వెనుక ఒక మోటారు, దానికి బిగించిన క్రాంకు, ఒక కడ్డీ ఉంటాయి. మోటారు తిరిగినంతసేపూ చేయి పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. దారిలో ఎవరైనా అడ్డువచ్చినా అది ఆగదు. అడ్డు ఉన్న సంగతి దానికి తెలియదు.

రోబో అనిపించుకోవాలంటే చేయి ఎక్కడ ఉందో యంత్రానికి తెలియాలి. కీలు దగ్గర అమర్చిన సెన్సర్ కోణాన్ని చెబుతుంది. కంట్రోలర్ ఆ కోణాన్ని తాను కోరిన కోణంతో పోల్చుకుని మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. ఈ పోలిక సెకనుకు పదులు, వందల సార్లు జరుగుతుంది. ‘రోబో’ అనే మాట 1920లో కారెల్ చాపెక్ రాసిన చెక్ నాటకం ద్వారా లోకానికి వచ్చింది. ఆ భాషలో దాని మూలపదానికి వెట్టిచాకిరి అని అర్థం. ఝాంకీ విగ్రహం చేసేది నిజానికి వెట్టిచాకిరే. రోబో మాత్రం తన పనిని తాను గమనించుకుంటుంది. అలాగని ఝాంకీ కళాకారులను తక్కువ చేసి చూడరాదు. పది అడుగుల ఆకారాన్ని వెదురుతో, గుడ్డతో, కాగితంతో తేలికగా నిలబెట్టడం వారికి తెలిసినంతగా చాలామంది ఇంజనీరింగు విద్యార్థులకు తెలియదు.

ఇంట్లో పెద్ద రోబోను చేసినవారి చరిత్రలో చెప్పుకోదగిన మొదటి పేర్లలో బ్రిటన్‌కు చెందిన టోనీ సేల్‌ది ఒకటి. రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పనిచేస్తున్న ఆ పందొమ్మిదేళ్ళ యువకుడు 1950 ప్రాంతంలో, కూలిపోయిన వెల్లింగ్టన్ బాంబర్ విమానపు తుక్కులోహంతో ఆరడుగుల ‘జార్జ్’ను నిర్మించాడు. అయిన ఖర్చు 15 పౌండ్లు. బీజింగ్ సమీప గ్రామానికి చెందిన రైతు వూ యూలూ దశాబ్దాలపాటు పారవేసిన సామానుతో రోబోలు చేస్తూ వచ్చాడు. తనను కూర్చోబెట్టుకుని రిక్షా లాగే రోబో వాటిలో ప్రసిద్ధమైనది. ఆ ప్రయత్నాలలో ఒకసారి ఇల్లు కాలిపోయింది, అప్పులూ మిగిలాయి. మన దేశంలో 2021లో ముంబయిలోని ఒక కేంద్రీయ విద్యాలయ ఉపాధ్యాయుడు దినేశ్ పటేల్ అట్టలు, పాత కాగితాలు, ప్లాస్టిక్ వ్యర్థాలతో ‘షాలూ’ అనే రోబోను తయారుచేశారు. దానికి సుమారు 50,000 రూపాయలు ఖర్చయింది. తొమ్మిది భారతీయ భాషలతో సహా 47 భాషలలో అది మాట్లాడగలదని ఆయన వెల్లడించారు.

రెట్టింపు ఎత్తు, పదహారు రెట్ల శ్రమ

ఒక చిన్న రోబో చేయి పొడవు 30 సెంటీమీటర్లు, బరువు 400 గ్రాములు అనుకుందాం. బరువంతా మధ్యలో, అంటే భుజం నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్కించవచ్చు. చేయిని అడ్డంగా చాచి నిలపడానికి భుజపు మోటారు 6 కిలోగ్రామ్-సెంటీమీటర్ల తిప్పుడు బలం ఇవ్వాలి. దీనినే టార్క్ అంటారు. విద్యార్థులు విరివిగా వాడే చిన్న సర్వో మోటారు సుమారు 10 వరకు ఇస్తుంది కాబట్టి పని జరుగుతుంది.

ఇప్పుడు అదే చేయిని అన్ని కొలతలలోనూ రెట్టింపు చేద్దాం. పొడవు 60 సెంటీమీటర్లు అవుతుంది. పొడవు, వెడల్పు, మందం మూడూ రెట్టింపు కావడంతో బరువు రెండు రెట్లు కాక ఎనిమిది రెట్లు పెరిగి 3.2 కిలోలకు చేరుతుంది. ఆ బరువు భుజానికి 30 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. కావలసిన టార్క్ 96, అంటే ముందరిదానికి సరిగ్గా పదహారు రెట్లు. ఆ చేతికి ఒక లీటరు నీళ్ళ సీసా ఇస్తే మరో 60 కలుస్తుంది. కదలిక మొదలయ్యేటప్పుడు పడే అదనపు భారం, గేర్లలో రాపిడి కలుపుకుని రెట్టింపు సామర్థ్యం పెట్టుకోవడం మంచి అలవాటు. అంటే దాదాపు 300 కిలోగ్రామ్-సెంటీమీటర్లు కావాలి. ఇది ఒక్క భుజానికి మాత్రమే.

ఇక్కడే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి. బలమైన మోటారు పెడితే దాని బరువు పెరుగుతుంది. దాన్ని మోయడానికి ఇనుప చట్రం కావాలి, దానికి మరింత పెద్ద బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీని మోయడానికి మళ్ళీ బలమైన చట్రం కావాలి. అపారమైన వనరులున్న సంస్థలు కూడా ఈ చక్రబంధం నుంచి కొలతలు తగ్గించుకునే బయటపడ్డాయి. హోండా సంస్థ 1996లో ప్రదర్శించిన ‘పీ2’ నడిచే రోబో ఎత్తు 182 సెంటీమీటర్లు, బరువు 210 కిలోలు. మరుసటి సంవత్సరపు ‘పీ3’ 160 సెంటీమీటర్లకు, 130 కిలోలకు దిగింది. 2000లో వచ్చిన ‘అసిమో’ ఎత్తు 120 సెంటీమీటర్లే.

ఇంట్లో పనిచేసేవారికి మిగిలే దారులు మూడు. మొదటిది, చేతి చివరల బరువు తగ్గించడం. మోటారును మోచేతిలో పెట్టక మొండెంలో అమర్చి సైకిల్ గొలుసు ద్వారానో, బ్రేకు తీగ ద్వారానో లాగించాలి. మన చేతివేళ్ళను కదిపే కండరాలలో ఎక్కువ భాగం ముంజేతిలో ఉన్నట్టే ఇదీ. చేతికి ఇనుప పైపు బదులు కిటికీలకు వాడే అల్యూమినియం సెక్షన్ వాడవచ్చు. పైతొడుగుకు రేకు బదులు అట్ట, ఫోమ్ షీటు చాలు. చూసేవారికి ఇనుములాగే కనిపిస్తుంది.

రెండవది ప్రతిభారం. రైల్వే ఊళ్ళో పెరిగినవారికి దీనిని వివరించవలసిన పని లేదు. లెవెల్ క్రాసింగు దగ్గర అంత పొడవైన గేటు కమ్మిని గేట్‌మన్ ఒక్కడే లేపగలగడానికి కారణం దాని పొట్టి కొసకు బిగించిన బరువు. రోబో భుజానికి కూడా అదే సూత్రం వర్తిస్తుంది. బరువుకు బదులు స్ప్రింగు వాడితే మొండెం మీద అదనపు భారం పడదు. సరిగా సర్దిన స్ప్రింగు మోటారు పనిలో సగానికి పైగా తానే చేస్తుంది.

మూడవది, కొందరి ఆశను నొప్పించినా చెప్పక తప్పనిది: నడకను వదులుకోవడం. రెండు కాళ్ళ మీద నడిచే పెద్ద రోబో ప్రతి అడుగులోనూ పడిపోబోయి నిలదొక్కుకుంటూ ఉండాలి. ఒక్క లెక్క తప్పినా యాభై కిలోల లోహం నేల మీద పడుతుంది, ఎదురుగా ఉన్నవారి మీద కూడా పడవచ్చు. జపాన్‌లో కొగోరో కురాటా 2012లో ఆవిష్కరించిన సుమారు నాలుగు మీటర్ల ‘కురాటాస్’ రోబోలో మనిషి ఎక్కి కూర్చోవచ్చు. అది కూడా నాలుగు చక్రాల మీదే కదులుతుంది. 2017 అక్టోబరులో ప్రసారమైన పోటీలో దానితో తలపడిన అమెరికన్ ‘మెగాబాట్స్’ వారి పెద్ద రోబో గొలుసు పట్టాల మీద సాగింది. అంతటివారు వదులుకున్నదానిని పెరటి షెడ్డులో వదులుకోవడం చిన్నతనమేమీ కాదు.

చక్రాలు పెట్టినంతమాత్రాన పడిపోదనీ కాదు. 180 సెంటీమీటర్ల రోబో గరిమనాభి నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, పీఠం వెడల్పు 50 సెంటీమీటర్లు అయితే, అది సుమారు 17 డిగ్రీలు ఒరిగితే చాలు పడిపోతుంది. బ్యాటరీలను పీఠంలోకి దింపి గరిమనాభిని 45 సెంటీమీటర్లకు తెస్తే ఆ హద్దు 29 డిగ్రీలకు పెరుగుతుంది. ఒక్క బోల్టు ఎక్కువ కొనకుండా దక్కే భద్రత ఇది. వీల్‌చైర్ మోటార్లు, పాత ఈ-రిక్షా మోటారు, డిఫరెన్షియల్ ఈ పీఠానికి బాగా సరిపోతాయి. మెడ, మణికట్టు వంటి తేలిక కీళ్ళకు కారు వైపర్ మోటారు చవకైన నమ్మకస్తుడు.

ఆపడం ఎలా?

పెద్ద రోబో చేసేవారు ఎక్కువ కాలం వెచ్చించవలసిన అధ్యాయం ఇదే. సాధారణంగా తక్కువ కాలం వెచ్చించేదీ ఇదే. కదిలించడం తెలిసిన వెంటనే దాన్ని పదిమందికి చూపాలనిపిస్తుంది. పిల్లలు దగ్గరకు వస్తారు. 300 కిలోగ్రామ్-సెంటీమీటర్ల బలం గల కీలు మధ్య చిన్న వేలు పడితే యంత్రానికి అది అడ్డంకిగా కూడా తోచదు.

రైల్వే ఈ సమస్యను కంప్యూటర్లు రాకముందే పరిష్కరించుకుంది. పాత సెమాఫోర్ సిగ్నల్‌లో తీగ తెగిపోతే రెక్క దానంతట అదే ప్రమాద సూచనకు వచ్చేది. అందుకు తగినట్టుగా బరువును ఏర్పాటు చేసేవారు. రైలు ఎయిర్ బ్రేకులో బోగీల వెంట సాగే బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి ఒత్తిడి నిరంతరం ఉంటుంది. ఒత్తిడి ఉన్నంతవరకు బ్రేకులు వదులుగా ఉంటాయి. కప్లింగు తెగినా, పైపు పగిలినా ఒత్తిడి పడిపోయి బ్రేకులు పట్టుకుంటాయి. అంటే బ్రేకు వేయడానికి కాదు, వేయకుండా ఉంచడానికే శక్తి ఖర్చవుతుంది. చెడిపోయినప్పుడు భద్రత వైపుకే చెడిపోవాలన్నది ఇక్కడి నియమం.

రోబోలో దీనిని అమలు చేయడం కష్టం కాదు. పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఎర్ర అత్యవసర బటన్ ప్రోగ్రాముకు విన్నపం పంపేదిగా ఉండరాదు. ప్రోగ్రామే చిక్కుకుపోయినప్పుడు ఆ విన్నపాన్ని వినేవారుండరు. బటన్ నొక్కగానే మోటార్లకు విద్యుత్తు అందించే కాంటాక్టరు నేరుగా విడిపోవాలి. బటన్ తీగ తెగినా కాంటాక్టరు విడిపోయేలా వైరింగు ఉండాలి. సెమాఫోర్ తీగ నేర్పే పాఠం అదే. రోబో ముందు ఒకటి, వెనుక ఒకటి, నిర్వాహకుని చేతిలో ఒకటి ఉండడం మేలు.

రిమోట్‌తో నడిపే రోబోకు మరో ప్రమాదం ఉంది. సంకేతం తెగిపోతే చివరి ఆజ్ఞనే పట్టుకుని అది ముందుకు పోతూ ఉంటుంది. ఇంజన్‌లో లోకో పైలట్ అప్రమత్తంగా ఉన్నాడో లేదో కనిపెట్టే పరికరం ఉంటుంది. నిర్ణీత వ్యవధిలో అతని నుంచి ఏ కదలికా అందకపోతే అది ముందుగా హెచ్చరిస్తుంది, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకు వేస్తుంది. రోబో కంట్రోలర్‌లో ఇదే పనిని నాలుగైదు పంక్తుల ప్రోగ్రాము చేయగలదు: అర సెకనుపాటు రిమోట్ నుంచి కొత్త సంకేతం రాకపోతే చక్రాలు ఆగాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చక్రాల విషయంలో విద్యుత్తు ఆపడమే క్షేమం. ఎత్తిన చేయి విషయంలో విద్యుత్తు ఆపితే అది ధబాలున కిందికి పడుతుంది. అందువల్ల బరువైన కీళ్ళకు వర్మ్ గేరు ఉన్న మోటార్లను ఎంచుకుంటారు. చాలా వర్మ్ గేర్లలో మోటారు చేయిని తిప్పగలదు గానీ చేయి బరువు మోటారును వెనక్కు తిప్పలేదు. ప్రతిభారం పెట్టిన చేయి అయితే పడినా నెమ్మదిగానే పడుతుంది. మోచేయి, భుజం మడతపడే చోట వేలు దూరే సందు లేకుండా తొడుగు వేయాలి. ప్రదర్శన సమయంలో చాచిన చేతి పొడవుకు అదనంగా ఒక మీటరు దూరంలో తాడు కట్టాలి.

విద్యుత్తు, ఎండ

12 వోల్టుల విద్యుత్తు షాక్ కొట్టదన్న ధీమా నిజమే గానీ అసంపూర్ణం. బ్యాటరీ ధ్రువాల మధ్య స్పానర్ పడితే వందల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించి స్పానర్ ఎర్రబడుతుంది. అందుకే ఫ్యూజును కంట్రోలర్ దగ్గర కాకుండా బ్యాటరీ ధ్రువానికి ఆనుకునే బిగించాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి మూసిన గదిలో, పూజాదీపం దగ్గర ఛార్జింగు పెట్టరాదు. లిథియం బ్యాటరీ తేలిక, కానీ అంటుకుంటే ఆర్పడం ఇంటివారి వల్ల కాదు. దానికి తగిన రక్షణ సర్క్యూట్ లేకుండా వాడరాదు, రాత్రిపూట కాపలా లేకుండా ఛార్జి చేయరాదు.

బిలాస్‌పూర్ వేసవి కూడా నిర్మాణంలో ఒక పాత్రధారి. రేకుల షెడ్డు లోపలి వేడి బయటి ఎండను మించిపోతుంది. త్రీడీ ప్రింటింగులో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది. మే నెలలో షెడ్డులో, అందులోనూ వేడెక్కిన మోటారు పక్కన ఉంచిన ప్లాస్టిక్ గేరు వంకరపోవడం ఆశ్చర్యం కాదు. అటువంటి చోట నైలాన్, అల్యూమినియం వాడుకోవాలి. చట్రానికి ఆర్క్ వెల్డింగు చేసే ముందు ఎలక్ట్రానిక్ బోర్డుల తీగలన్నీ విప్పివేయాలి. ఐదు నిమిషాల తొందరలో నెలల పని కాలిపోయే చోటు ఇది.

తుక్కు ఎవరిది?

రైల్వే ఊళ్ళో ఉన్న సౌలభ్యమే ఒక ప్రమాదం కూడా. యార్డు పక్కన తుప్పుపట్టిన బోల్టులు, తీగ ముక్కలు, బేరింగులు పడి ఉంటాయి. ఎవరికీ అక్కరలేనివిగా కనిపిస్తాయి. కానీ రైల్వే ఆస్తి అక్రమ స్వాధీనానికి సంబంధించిన 1966 నాటి చట్టం ప్రకారం, దొంగిలించినదని లేదా అక్రమంగా సంపాదించినదని సహేతుకంగా అనుమానించదగిన రైల్వే వస్తువు కలిగి ఉండడమే నేరం. అది చట్టబద్ధంగా తన చేతికి వచ్చిందని నిరూపించుకోవలసిన బాధ్యత ఆ వ్యక్తిదే. మొదటి నేరానికే ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఉద్యోగి కుటుంబమైతే ఉద్యోగం కూడా చిక్కుల్లో పడుతుంది. కుర్రవాడి రోబో కోసం తండ్రి డ్యూటీ సంచిలో తెచ్చిన నాలుగు బేరింగుల విలువకూ, దాని పర్యవసానానికీ పొంతన లేదు.

రైల్వే తన తుక్కును ఈ-వేలం ద్వారా అమ్ముతుంది. అవి టన్నుల లెక్కన పోయే లాట్లు కాబట్టి అభిరుచిపరులకు కుదిరే దారి వేరు. పాత ఇనుప దుకాణం, వాహన విడిభాగాల మెకానిక్ షాపు, పాత ఫొటోకాపీ యంత్రాలు వారికి ఉపయోగపడతాయి. ఏది కొన్నా బిల్లు తీసుకుని దాచుకోవాలి. ఫొటోకాపీ యంత్రం ఒక్కటి విప్పితే నునుపైన షాఫ్టులు, బెల్టులు, స్టెప్పర్ మోటార్లు, సెన్సర్లు అన్నీ లభిస్తాయి.

మెదడు సంగతి

ఈ భాగం నేడు అన్నిటికన్నా సులువైనది. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డుయినో బోర్డు మోటార్లను, సెన్సర్లను చూసుకుంటుంది. 2012లో విడుదలైన రాస్‌ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ కెమెరాను, మాటను చూసుకుంటుంది. కదలికను, ఆలోచనను ఇలా రెండు బోర్డులకు పంచడం క్షేమం. మాటలు వినే ప్రోగ్రాము నిలిచిపోయినా చేతిని అదుపులో ఉంచే బోర్డు పనిచేస్తూనే ఉంటుంది. ఫ్రెంచ్ శిల్పి గాయెల్ లాంజెవాన్ 2012లో ప్రారంభించిన ‘ఇన్‌మూవ్’ మనిషి పరిమాణపు రోబో నమూనాలు ఎవరైనా దించుకుని ముద్రించుకోవడానికి ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. చిన్న త్రీడీ ప్రింటరులో పట్టేలా ప్రతి భాగాన్నీ ముక్కలుగా రూపొందించారు. అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద 6 నుంచి 12వ తరగతి విద్యార్థుల కోసం దేశవ్యాప్తంగా పాఠశాలల్లో ఏర్పాటైన టింకరింగ్ ల్యాబ్‌లలో త్రీడీ ప్రింటర్లు ఉంటున్నాయి.

మొత్తం రోబోను ఒకేసారి మొదలుపెట్టినవారి కన్నా ఒక్క చేయిని పూర్తిచేసి, దాన్ని బల్లకు బిగించి, వెయ్యిసార్లు ఎత్తి దించి చూసినవారు ముందుకు వెళతారు. ఏ బోల్టు వదులవుతుందో, ఏ తీగ మడతలో తెగుతుందో ఆ వెయ్యిసార్లలో బయటపడుతుంది. వదులయ్యే ప్రతి నట్టుకూ స్ప్రింగు వాషరో, లాక్ నట్టో పడాలి. బిగించిన తరువాత దాని మీద పెయింటుతో అడ్డగీత గీస్తే, మరుసటి వారం ఆ గీత జరిగిందో లేదో కంటితోనే తెలుసుకోవచ్చు.

గుమ్మం కొలత

చివరగా టేపుతో కొలవవలసినది ఇంటి గుమ్మం. నిజానికి మొదట కొలవవలసినది అదే. వరండాలో నిలబెట్టి బిగించిన రోబో భుజాలు తలుపులో పట్టక గోడ పగలగొట్టిన కథలు ఈ అభిరుచి ఉన్నచోటల్లా వినిపిస్తాయి. రైల్వే క్వార్టర్‌లో గోడ కూడా సొంతం కాదు. తండ్రికి బదిలీ అయినా, పదవీవిరమణ జరిగినా క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పుడు సామాన్లతోపాటు రోబో కూడా కదలాలి. అందుకని పీఠం, మొండెం, చేతులు, తల విడివిడిగా ఊడివచ్చేలా, ఒక్కొక్కటి ఇద్దరు మోయగల బరువులో, తీగలు కనెక్టర్ల దగ్గర విడిపోయేలా మొదటి రోజే గీసుకోవాలి. తీగలకు చీటీలు కట్టాలి. విప్పినవారే తిరిగి బిగిస్తారన్న నమ్మకం లేదు.

టోనీ సేల్ తరువాతి జీవితంలో రెండవ ప్రపంచయుద్ధ కాలపు కొలోసస్ కంప్యూటర్‌ను పునర్నిర్మించి పేరు పొందారు. ఆయన జార్జ్ మాత్రం దాదాపు 45 ఏళ్ళు గ్యారేజీలోనే నిలబడి ఉంది. 2010లో ఆయన దాని బేరింగులకు నూనె వేసి, కొత్త లిథియం బ్యాటరీలు బిగించి, స్విచ్ వేశారు. అది కదిలింది.